సక్రు బిగించిన కార్డు

కేసముద్రం మార్కెట్ గేటు ముంగట ఆగయ్య చాయ్ హోటల్ ఉంటది. ఆ మధ్యాహ్నం తను తెచ్చిన మక్కలు తూకమేసే కాంటా ఆలస్యమైతుందని సోమక్క వచ్చి బెంచీ మీద కూసున్నది. ప్రేమ్‌సింగ్ తన ట్రాలీ ఆటో రోడ్డు పక్కకు పెట్టి చాయ్ తాగుతున్నడు. మూడేండ్ల కింద దాక అతను, సక్రు ఒకటే కంపెనీల కంప్యూటర్లు బాగుచేసేటోళ్లు. సక్రు ఇంకా ఆ కొలువులనే ఉన్నడు. ఆయన బ్యాగు భుజానికేసుకొని రాంగనే ఆగయ్య అడిగిండు, "ఎటుకెల్లి వస్తున్నవు సక్రూ?"

సక్రుకు అంత చాలు.

"మొగుళ్లపల్లి దిక్కు పత్తి మిల్లుకెల్లి వస్తున్న. ఆ మిల్లుల సర్వర్ ఉంటది, పెద్ద కంప్యూటర్ అనుకో, కాంటా చిట్టీ రావాల్నన్నా, గేటు లేవాల్నన్నా అదే చెప్పాలె. దాని కడుపుల అరచెయ్యంత కార్డు ఒకటి ఉంటది. సర్వర్ పండుకున్నా ఆ కార్డు పండుకోదు. నువ్వు ఎక్కడున్నా దాన్ని పిలిచి, సర్వర్‌ను లేపుమంటే లేపుతది, పండవెట్టుమంటే పండవెడ్తది. మూడేండ్ల కింద దసరా ముంగట పిడుగు పడి అది మాడిపోయింది. కొత్తది నేనే బిగించిన."

"బిగించుడు కష్టమా తమ్మీ?" అన్నది సోమక్క.

"వేరేటోళ్లకు కష్టమే అక్కా. పట్నంకెల్లి ఒక ఇంజనీరు వచ్చి రెండు రోజులు పడ్తదన్నడు. నేను స్క్రూ డ్రైవర్ గూడ ముట్టలే, గోరుతోటి ఇప్పిన, మూడు నిమిషాలల్ల ఏసిన. వట్టి బిగిస్తే సరిపోదు మల్ల. కొత్త కార్డుకు ఏమీ ఎర్కుండది, అప్పుడే పుట్టిన పిల్ల లెక్క. దానికి ఇంటి నంబరు లెక్క ఒక నంబరియ్యాలె, తాళం లెక్క పాస్‌వర్డ్ పెట్టాలె. కండ్లు మూసుకొని కొట్టిన."

"నంబరు నువ్వే కొట్టినవా అన్నా?" అని ప్రేమ్‌సింగ్ అడిగిండు.

"నేను గాక ఇంకెవలు కొడ్తరు? ఇగ అటెంక ఏమైందో ఎర్కేనా? ఇదే బెంచీ మీద కూసొని, ఎడమ చేతిల చాయ్, కుడి చేతిల ఫోన్, నూరు కిలోమీటర్ల అవతల సర్వర్‌ను బందు వెట్టి మల్ల చాలు చేసిన. ఆగయ్యన్న సాక్షి."

"నాకు యాదికి లేదు," అన్నడు ఆగయ్య.

"నువ్వు పాలకు పోయినవు గప్పుడు. సరే, ఇంకొకపాలి రైల్ల పోతున్న, సిగ్నల్ లేదు, ఫోన్ల చార్జింగ్ లేదు. మిల్లు మేనేజరు పరేషాన్. నేను కిటికీలకెల్లి మొకం వెట్టి 'లేవు బిడ్డా' అన్న. లేచింది. నా గొంతు గుర్తుపట్టింది అది. సర్వర్ ఒక్కటే లేచిందా, మిల్లుల మిషన్లు లేచినయ్, వాకిట్ల నిలవడ్డ పదకొండు లారీలు డ్రైవర్లు లేకుండనే చాలైనయ్. గది ఢిల్లీ దాక తెల్సింది. ఒకనాడు పెద్ద సారు ఫోన్, ఆకాశంల తిరిగే శాటిలైట్ ఒకటి ఆగిపోయింది సక్రు గారు, జర చూడుండ్రి అని. నేను నెల్లికుదురుల మా బర్రెను కడుగుతున్న. ఒక చేతితోటి బర్రెను పట్టుకొని ఇంకో చేతితోటి శాటిలైట్‌ను తిప్పిన."

సోమక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకొని నవ్వింది.

"నవ్వకక్కా. క్లౌడ్ సర్వరని ఒకటుంటది, క్లౌడంటే మబ్బే గదా. పోయినేడు కార్తెలు దాటినా వాన లేకపాయె. నేను మబ్బుకు కార్డేసి, ఒకపాలి బందు వెట్టి చాలు చేసిన. మా తండా మీద రెండు గంటలు కొట్టింది."

"మా చెల్క మీద సుక్క పడలే గదా?"

"మీది వేరే నంబరక్కా. ముందుగాల చెప్తే మీది గూడ కొడ్తుంటి. ఇప్పటికీ అంతే, సగం రాష్ట్రం అవతలున్నా నేను పిలిస్తే ఆ కార్డు పలకకుంట ఉండది."

ప్రేమ్‌సింగ్ గ్లాసు కింద పెట్టిండు. గొంతు పెంచలే.

"మరి మూడేండ్ల కింద డిసెంబర్ల నేను పిలిస్తే ఎందుకు పలకలే సక్రన్నా?"

ఆగయ్య ఇద్దర్నీ చూసి, "ఏందది?" అన్నడు.

"తుఫాను వాన పడుతున్నది," అని ప్రేమ్‌సింగ్ ఆగయ్య దిక్కు తిరిగి చెప్పిండు. "పొద్దుగాల మిల్లుల సర్వర్ ఆగిపోయింది. పత్తి ట్రాక్టర్లు గేటు బయట తడుస్తున్నయ్. సక్రన్న ఊర్ల లేడు, ఫోన్ కలువలే. కంపెనోళ్లు నాకు చెప్పిన్రు. ఇంట్ల కూసొని ఇరవైసార్లు పిలిచిన, కార్డు పలకలే. తెల్లారి నాకు కానిస్టేబుల్ కొలువుకు ఉర్కుడు పరీక్షున్నది, పదహారు వందల మీటర్లు. రెండేండ్లు ఉర్కిన దానికోసం. మిల్లుకు పోనంటే ఉన్న కొలువు పోతదని బండి తీసిన. పరకాల దాటినంక మోరీ కాడ జారి పడ్డ. మడిమె వాసింది. అట్లనే మిల్లుకు పోయి చూస్తే, కార్డు నంబర్ల పద్నాలుగు ఉండాల్సిన కాడ నలభై ఒకటి ఉన్నది. రెండు నిమిషాల పని."

"తెల్లారి ఉర్కినవా మరి?" సోమక్క మెల్లగ అడిగింది.

"ఉర్కిన. పదకొండు సెకన్లు ఆలస్యమైంది. ఆ ఏటితోటి నా వయసు దాటిపోయింది అక్కా."

గేటు లోపట హమాలీల పిలుపులు ఇనవడుతున్నయ్.

"కంపెనోళ్లకు ఏమని చెప్పినవు?" అన్నడు ఆగయ్య.

"వైరు లూజైందని చెప్పిన. అన్నకు చిన్న పిల్లలుండిరి."

సక్రు బ్యాగు ఒళ్లో పెట్టుకొని దాని పట్టీని మలుస్తున్నడు. ఇప్పుడు మాట్లాడితే ఏదన్న ఒక కోత కోసి బయటపడొచ్చు, అది ఆయనకు కష్టం గాదు. ఈసారి రాలేదు.

"నంబరు కొట్టినంక బయటికొచ్చి ఒకపాలి పిలిచి చూస్కోవాలె," అన్నడు. "అది నాకు ఎర్కే. మేనేజరు చాయ్ తెప్పిస్తే ఆయనకు ముచ్చట్లు చెప్పుకుంట కూసున్న. బస్సు టైమైంది. అయిపోయింది సార్ అని వచ్చిన. నువ్వు పోయొచ్చినంక ఆ కార్డు మంచిగ పలకవట్టింది. ఎట్ల బాగైందని నిన్ను అడగలే. అడిగితే చెప్తవని అడగలే."

"నీకు తెల్సని నాకు ఎర్కే అన్నా."

"మూడేండ్లు..." అని సక్రు ఆగిండు.

"నువ్వు కథలు చెప్పుకో, ఎవలు వద్దంటరు. ఆ కార్డు కథ మాత్రం నా ముంగట చెప్పకు." ప్రేమ్‌సింగ్ లేచి ఆగయ్యకు పైసలిచ్చి రోడ్డు మీదికి నడిచిండు.

సోమక్క సక్రు దిక్కు జూసి, "పో తమ్మీ," అన్నది.

సక్రు బ్యాగు బెంచీ మీదనే ఇడిసి అతని ఎనుక ఉర్కిండు. ప్రేమ్‌సింగ్ ఆటోల కూసొని చాలు చెయ్యబోతున్నడు. సక్రు తలుపు రేకు పట్టుకొని నిలవడ్డడు. తప్పైందని చెప్పాల్నని వచ్చినోడు ఇంకొకటి అడిగిండు.

"ఇప్పుడు ఉర్కుతున్నవా ప్రేమ్?"

"రోజూ పొద్దుగాల ఉర్కుత," అన్నడు ప్రేమ్‌సింగ్. "అలవాటైపోయింది. దేనికని మాత్రం అడగకు."

సక్రు అడగలే. రేకు మీదికెల్లి చెయ్యి తీసిండు.