గడ్డకట్టే వానలో ఇల్లిల్లూ చూసివచ్చిన ఫ్లోరియాన్ లాబ్రెక్ గారికి

1987 సెప్టెంబరు పద్నాలుగవ తేదీ, సోమవారం ఉదయం, క్యూబెక్‌లోని మన మోంక్లేర్ పురపాలక సంఘపు అగ్నిమాపక కేంద్రంలో టెలిఫోన్ సహాయకురాలిగా శ్రీమతి ఫ్లోరియాన్ లాబ్రెక్ గారు విధులలో చేరారు. ఆనాటి అధికారి ఒనేజిమ్ గారు ఆమెను పైనుంచి కిందికి చూసి, "ఏమ్మా, ఫోను మోగితే కంగారు పడవు కదా?" అని అడిగితే, "మోగకపోతే పడతానండీ, తీగ తెగిందేమోనని" అని ఆమె బదులిచ్చారట. ఒనేజిమ్ గారు పదవిలో ఉన్నంతకాలం ఆ జవాబును కొత్తగా చేరిన ప్రతి ఒక్కరికీ చెప్పి నవ్వేవారు.

వినయము, కార్యదీక్ష, సమయస్ఫూర్తి ఆమెకు సహజాభరణములు. చేరిన ఎనిమిదేళ్లకే పౌర రక్షణ విభాగపు బాధ్యతలు ఆమెకు దక్కాయి. వరదలకు, దావానలాలకు, తుపాను గాలులకు సంబంధించిన సన్నాహాలన్నీ ఆమె చేతుల మీదుగా సాగేవి. అయితే ఆమె సేవాజీవితాన్ని రెండు ముక్కలుగా చీల్చిన ఘట్టం 1998 జనవరిలో సంభవించింది. ఆ సంగతిని దాచకుండా రాయమని కోరినవారు ఆమె అన్నగారు రొజేర్ గారే గనుక, ఇక్కడ నిస్సంకోచంగా ప్రస్తావిస్తున్నాము.

ఆ జనవరిలో కురిసింది మంచూ కాదు, వానా కాదు. నేలను తాకిన చినుకు తాకినచోటనే గాజులా బిగుసుకుపోయింది. మేపుల్ చెట్ల కొమ్మలు తుపాకులు పేలినట్లు విరిగాయి, విద్యుత్ స్తంభాలు వరుసవరుసలుగా ఒరిగిపోయాయి, ఊళ్లకు ఊళ్లు అంధకారంలో మునిగాయి. బడిలోని ఆటల హాలును ఫ్లోరియాన్ గారు ఆశ్రయకేంద్రంగా మార్చి, పొయ్యి ఉన్న వంటశాలలో బఠానీ సూపు కాయించి, వృద్ధులను మంచు మీద లాగే స్లెడ్జి బళ్లపై తెప్పించారు. ఇంట్లోనే ఉంటామన్నవారికి ఒకే గదిలో చేరమని, తెగిపడిన తీగల దరికి పోవద్దని, పొరుగువారిని పలకరిస్తూ ఉండమని, జనరేటరును గానీ బొగ్గుల కుంపటిని గానీ లోపల వెలిగించవద్దని గొంతు బొంగురుపోయేలా చెప్పారు.

సంఘానికి ఉన్న అదనపు జనరేటరును పాడి రైతులు వంతులవారీగా తీసుకెళ్లి యంత్రాలతో పాలు పితుక్కునేవారు. తన వంతు రాగానే రొజేర్ గారు ట్రాక్టరుతో బడి ముందుకు వచ్చారు.

"నాన్నను ఇక్కడికి తీసుకురా అన్నయ్యా," అన్నారు ఫ్లోరియాన్ గారు.

"నువ్వే అడుగు. ఆవుల్ని వదిలేసి బడిలో పడుకోడానికి నేనేమన్నా పసిపిల్లాణ్ణా అంటున్నాడు."

"సరే. ఈ జనరేటర్ మాత్రం బయటే పెట్టు. ఇంటికి దూరంగా."

"వానలో పెడితే మంచు పట్టి ఆగిపోదూ? చెప్పొచ్చావులే!"

"పైన రేకు కట్టు. ఇంటిని ఆనుకున్న షెడ్డులోకి తేకు, అంతే. ఆ పొగలోని విషవాయువుకి వాసన కూడా ఉండదు."

"సరేలేవే తల్లీ! నువ్వు పుట్టకముందు నుంచీ ఇంజన్లు తిప్పుతున్నా."

లోపల వందమంది ఆమె కోసం ఎదురుచూస్తున్నారు. ఆమె వెనుదిరిగి వెళ్లిపోయారు.

మర్నాడు మధ్యాహ్నం కాస్త తెరిపి దొరికి ఆమె ఫోను చేస్తే, వదినగారు ఉగెత్ గారు ముద్దముద్దగా పలికారు. "తల పగిలిపోతోందమ్మా. మీ అన్నయ్యకీ అంతే. నిద్ర ముంచుకొస్తోంది, చలికేమో."

ఫ్లోరియాన్ గారు ఫోనులోకి అరిచారు. "చలి కాదు వదినా! తలుపులు తియ్! అన్నయ్యని లాక్కుని బయటికి రా! నడవలేకపోతే పాక్కుంటూ రా!"

ఆమె, ఒనేజిమ్ గారు ఎక్కిన అగ్నిమాపక వాహనం ఆ మంచుదారిలో జారుతూ చేరేసరికి భార్యాభర్తలిద్దరూ వసారాలో పడి ఉన్నారు, ప్రాణాలతోనే. జనరేటరు షెడ్డులో ఇంకా తిరుగుతూనే ఉంది. షెడ్డు పక్కగదిలో మంచం మీద వారి తండ్రి అదెలార్ గారు అప్పటికే కన్నుమూశారు. నిద్రపోతున్నట్లే ఉన్నారు. ఫ్లోరియాన్ గారు ఆయన స్వెట్టరు బొత్తాలు సరిగా పెట్టి, నుదుటిమీద చెయ్యి వేసి కాసేపు కూర్చున్నారు.

లేచి ఒనేజిమ్ గారితో అన్న మొదటి మాట ఇది: "ఈ రోడ్డు మీద ప్రతి ఇల్లూ ఇప్పుడే చూడాలండీ. అడగడం కాదు, లోపలికెళ్లి చూడాలి." చూశారు. మూడిళ్ల అవతల నేలమాళిగలో మరో జనరేటరు తిరుగుతుండగా, మగతలో ఉన్న దంపతులనూ వారి ఇద్దరు బిడ్డలనూ మోసుకొచ్చారు. ఆ నలుగురూ బతికారు. ఆ సాయంకాలం ఆమె తిరిగి బడికే వచ్చి సూపు గిన్నెలు అందించారు.

గడ్డకట్టిన నేల మెత్తబడిన తరువాత, వసంతంలో గానీ అదెలార్ గారిని ఖననం చేయడం కుదరలేదు. అంతవరకు తన చెల్లెలి ముఖం చూడని రొజేర్ గారు సమాధి దగ్గర మొదటిసారి నోరు విప్పారు.

"నువ్వు చెప్పావు. నేనే వినలేదు."

"చెప్పాను. చూడకుండా వెళ్లిపోయాను."

మళ్లీ చలి రాకముందే ఊళ్లో ప్రతి గుమ్మమూ ఎక్కి చూస్తానని ఆమె అన్నారు.

"నేనూ వస్తా," అన్నారు రొజేర్ గారు. "నీ మాట వినని వాళ్లు నన్ను చూసి వింటారు."

అలా మొదలైన యాత్ర ఆ తరువాత ఏ నవంబరులోనూ ఆగలేదు. ఆమె జనరేటరు ఎక్కడ పెడతారో చూపించమనేవారు, విషవాయువును పసిగట్టే గంటను గోడకు బిగించేవారు. రైతు మొండికేస్తే రొజేర్ గారు టోపీ తీసి, "మా నాన్న ఇలాగే పోయాడు. పెట్టింది నేనే," అనేవారు. ఆపై వాదన ఉండేది కాదు. "ఫ్లోరియాన్ వస్తోంది, ఇల్లు సర్దండి" అని ఊరంతా వేళాకోళం చేసినా, తలుపు తీయనివారు క్రమేణా కరువయ్యారు. 2011లో విభాగపు సంచాలకులైన తరువాత కూడా ఆ పనిని ఆమె మరొకరికి అప్పగించలేదు.

2023 ఏప్రిల్‌లో మళ్లీ గడ్డకట్టే వాన కురిసి, మళ్లీ చీకటి కమ్మినప్పుడు, వితంతువైన ఒక రైతు ఇల్లాలు మన కేంద్రానికి ఫోను చేసి, "జనరేటర్ పొలం గట్టున పెట్టాను, రేకు కూడా కట్టాను. ఆవిడ రానక్కర్లేదని చెప్పండి," అన్నారు. వెంటనే, "అయినా రమ్మనండి, ఒక్కదాన్నే ఉన్నా," అని కలిపారు. ఫ్లోరియాన్ గారు వెళ్లారు. ఆ తుపానులో మోంక్లేర్‌లో ఒక్క ప్రాణమూ పోలేదు.

కిటికీ మీద చినుకు గట్టిగా తగిలితే చాలు, ఇరవై అయిదేళ్లకు పైగా ఆమె లేచి కూర్చునేవారని భర్త లోరియే గారు మాతో అన్నారు. ఈ మార్చి నెలాఖరుతో పదవీ విరమణ చేస్తున్న ఆ సహోదరీమణికి ఆరోగ్యమూ, దీర్ఘాయువూ, ఆత్మీయుల సాన్నిధ్యమూ నిండుగా లభించాలని మనసారా ఆకాంక్షిస్తున్నాము. ఇక వాన గడ్డకట్టిన వేళ మేము మేలుకుని ఉంటాము. ఫ్లోరియాన్ గారూ, మీరు నిద్రపోండి.