ఓబో ఎవరిది?

ఈ సభకు పెద్దదిక్కుగా కూర్చున్న ప్రొఫెసర్ ఒఫోసుహీన్ గారికి, ఆయన పక్కన అప్పుడే వాచీ చూసుకుంటున్న డీన్ గారికి, స్వెడ్రూ నుంచి పొద్దున్నే ట్రోట్రో వ్యాను ఎక్కి వచ్చిన మా అత్తయ్యకి, జొలోఫ్ అన్నం మూత తియ్యగానే లేచి నిలబడిన వెనక వరస మిత్రులకి (నవ్వులు), అయ్యా, కూర్చోండి, నేను ముగించేదాకా ఎవరూ వడ్డించరు, అందరికీ ఈ ఫీఫీ నమస్కారాలు.

ఇవాళ మనం జిఫాని సాగనంపుతున్నాం. చదువయ్యాక అందరూ చెయ్యాల్సిన జాతీయ సేవ కింద ఏడాదిపాటు ఎక్కడో ఉత్తరాన తమాలేలో పిల్లలకి పాఠాలు చెప్పబోతోంది. సంతోషం. కానీ వెళ్తూ వెళ్తూ ఆమె ఇన్నాళ్ళూ సన్నాయిలా ఊదిన ఓబోని ఇక్కడే అప్పగించాలి. మన సంగీతం డిపార్ట్‌మెంట్ మొత్తానికి ఉన్నది ఆ ఒక్క ఓబోనే. అది మా ఐదుగురి మేళానిదనీ, మేళం ఉన్నన్నాళ్ళూ గేటు దాటకూడదనీ ప్రొఫెసర్ గారు మొదట్లోనే చెప్పారు. తమాలేలో ఆమెకి ఓబో ఎవరిస్తారు? నాకు ఒళ్ళు మండేది అక్కడే. సరే, ఆ సంగతికి వస్తాను.

మా మేళం ఎలా పుట్టిందో కొత్తవాళ్ళకి తెలియదు. బృందగానం వాళ్ళు వాళ్ళవాళ్ళని తీసుకున్నారు, డప్పుల వాళ్ళు వాళ్ళవాళ్ళని తీసుకున్నారు, ఎవరికీ అక్కర్లేని ఐదుగురం మిగిలాం. నార్కిది ఫ్లూట్, ఒసాబుది క్లారినెట్, సెలాసిది హార్న్, జిఫాది ఓబో. నేను ట్రంపెట్ నేర్చుకుందామని వచ్చినవాణ్ణి. పొడుగ్గా ఉన్నానని నా చేతిలో బసూన్ పెట్టారు. నేను దాన్ని మంచం కోడనుకున్నాను. (నవ్వులు) ప్రొఫెసర్ గారు మాత్రం "ఐదు ఊదుడు వాద్యాలు కలిస్తే అదొక మేళం, పోయి సాధన చెయ్యండి" అని గది తాళం ఇచ్చేశారు.

మా మేళంలో ముందు నిలబడి చెయ్యి ఊపేవాడు ఉండడు. జిఫా ముక్కుతో ఒక్కసారి గట్టిగా గాలి లాగుతుంది. ఆ చప్పుడు వినగానే ఐదుగురం ఒకేసారి అందుకోవాలి. బాగానే ఉంది కదా? డిసెంబర్ వచ్చింది, ఎడారి దుమ్ము వచ్చింది, నాకు జలుబు పట్టుకుంది. నేను ముక్కు ఎగబీల్చినప్పుడల్లా మిగతావాళ్ళు మొదలెట్టేసేవాళ్ళు! చివరికి జిఫా నా మీద ఇంతెత్తున లేచింది. "ఒరేయ్ ఫీఫీ, ఆ ముక్కు నీదా, మేళానిదా? బయటికెళ్ళి చీదేసి రా! నీ పుణ్యమా అని ఈ పాట ఇప్పటికి నాలుగుసార్లు పుట్టి నాలుగుసార్లు చచ్చింది."

ఆ రోజుల్లోనే మా మావయ్య పోయాడు. స్వెడ్రూలో కర్మకి మేం వాయిస్తామన్నాను. ఊదేవాళ్ళు వస్తున్నారంటే డాన్సుల బ్యాండే అనుకుని ఊళ్ళోవాళ్ళంతా పందిట్లోకి వచ్చి కూర్చున్నారు. నెమ్మది పాట ఒకటి వాయించాం. ఎవరో ముసలాయన "పాపం, వీళ్ళకి కూడా ఒంట్లో బాలేదేమో" అన్నాడు. తర్వాత పాస్టర్ గారు ప్రార్థన అందుకున్నారు. భోజనాలప్పుడు వాయించాల్సిన గుర్రప్పరుగు పాట ముందు తెరిచి పెట్టుకుని మేం కళ్ళు మూసుకున్నాం. సరిగ్గా అప్పుడు, ముందు వరసలో కూర్చున్న మా అత్తయ్య దుఃఖం ఆపుకోలేక ముక్కు ఎగబీల్చింది.

(నవ్వులు) అత్తయ్యా, నువ్వు నవ్వకు.

నలుగురం ఒక్కసారిగా అందుకున్నాం. పాస్టర్ గారి ఆమెన్ నోట్లోనే ఉండిపోయింది. జిఫా ఒక్కతే మొదలెట్టలేదు. ఆమె ఊరుకుంటే తప్పు మా నలుగురిదే అయ్యేది, ఆమె పరువు దక్కేది. మా మొహాలు చూసింది. "చచ్చాం, పదండి" అని గొణిగి ఓబో నోట్లో పెట్టుకుని మాతోపాటు దూకేసింది. ఆ పాట మేం ఎన్నడూ అంత బాగా వాయించలేదు. అయినా భయమేసి మధ్యలో ఆపేశాం. అత్తయ్య లేచి నిలబడింది. "ఏరా ఫీఫీ, ఆపావేం? వాయించు! మీ మావయ్య బతికున్నన్నాళ్ళూ నన్ను ఒక్క పెళ్ళిలోనూ ఆడనివ్వలేదు!" అంటూ రుమాలు ఊపుకుంటూ ఆడింది. ఇంకో పెద్దావిడ మెచ్చుకుంటూ వచ్చి చెమట పట్టిన నా నుదుటి మీద సెడీ నోటు అతికించింది. అది జారి కళ్ళ మీద పడింది. మిగతా పాటంతా గుడ్డివాడిలా ఊదాను. (చప్పట్లు)

ఇంతకీ నేను చెప్పొచ్చేదేమిటంటే, ఆ రోజు జిఫా మమ్మల్ని వదిలెయ్యలేదు.

పోయిన వారం సాధన గదిలో ఒక్కతే కూర్చుని ఓబో తుడుస్తోంది. పెట్టెలో పెడుతుంది, మళ్ళీ తీస్తుంది. నన్ను చూసి "ఒక్క ఏడాదేగా, వేళ్ళు ఏం మర్చిపోవులే" అంది. నేను కూడా "మర్చిపోవులే" అన్నాను. అబద్ధం. మర్చిపోతాయి. ఆ సంగతి ఆమెకీ తెలుసు.

ప్రొఫెసర్ గారూ, "ఓబో కొత్తవాళ్ళెవరికైనా నేర్పిస్తాను, మీ మేళం ఆగదు" అని మాకు ధైర్యం చెప్పారు. మీ మంచి మనసుకి దండం. కానీ మీ నిబంధన మేళం ఉన్నన్నాళ్ళే కదండీ? ఈ మధ్యాహ్నం మేం నలుగురం వాక్యే అన్నం తింటూ కూర్చుని మేళాన్ని రద్దు చేసేశాం. (నవ్వులు) నవ్వకండి, నిజంగానే. నార్కి ఏడ్చింది. "ఏడుస్తూ తినకు, ఎక్కిళ్ళొస్తాయి" అని సెలాసి కసిరి, తను కూడా ఏడ్చాడు. ఇప్పుడు మేళం లేదు. ఓబో ఎవరిదీ కాదు. అది తమాలే వెళ్ళొచ్చా, సార్?

(ప్రొఫెసర్ గారు కళ్ళద్దాలు తీశారు. "మరి వచ్చే నెల కచేరీ ఏం చేస్తావురా?" అన్నారు.)

లేదు, సార్. కచేరీ లేదు.

(ప్రొఫెసర్ గారు చాలాసేపు కళ్ళద్దాలు తుడుచుకున్నారు. తర్వాత తల ఊపారు.)

ఊపారు! డీన్ గారూ, మీరే సాక్షి! (చప్పట్లు) ఈ సభకి, ప్రొఫెసర్ గారికి, ఇంతసేపు ఆకలి ఓర్చుకున్న మీ అందరికీ కృతజ్ఞతలు.

జిఫా, నన్ను తిట్టడం తర్వాత. ముందు వచ్చి పెట్టె తీసుకో. మేం నలుగురం ఇంకా మనసు మార్చుకోలేదు, తొందరగా రా. సెలవు.