విమానానికి సిమ్ము పెట్టిన భూమేష్

ఎడపల్లి చాయ్ కొట్టుకాడ, పొలాల మోటర్లకు సిమ్ము పెట్టి ఫోన్ స్టార్టర్లు బిగించే భూమేష్ దొరికిండు, నాలుగు దినాలకు.

"భూమేషూ, నేను ఫోన్ కొట్టకున్నా నా మోటర్ నడుస్తుంది. మడి మునిగింది" అన్నడు భోజన్న. ఆయన మడి కొట్టు ఎనుకనే.

"నాది కొట్టినా నడుస్తలేదు. చెరుకు ఎండుతుంది" అన్నది చంద్రవ్వ.

"గియ్యి చిన్న పనులు, సూద్దాం తియ్యుర్రి! నాలుగు దినాలు నన్ను ఎంత పరేషాన్ చేసిండ్రో ముందుగాల ఇనుర్రి. విమానాలు జేసే కంపెనోళ్లు హైదరాబాద్ పిలిచిండ్రు. విమానం కడుపుల మోపులకు మోపులు వైర్లు, బరువైతుందట. అన్నీ పీకేసి వైర్లు లేకుంట నడపాలె, దేంతోని నడపాల్నో తెలుస్తలేదట. వైఫై అంటడొగడు, బ్లూటూత్ అంటడింకొగడు. గంత సదువుకున్నోళ్లకు చెప్పి చెప్పి నా తల వాసింది!"

"ఏం చెప్పినవ్?"

"బ్లూటూత్ తోకదాక అందది. వైఫై పెడితే లోపలోళ్లు సినిమాలు సూస్తరు, రెక్క ఆగుతది. మా మోటర్ల లెక్క సిమ్ము పెట్టుర్రి అన్న. ఆ తర్వాత ఏమైందో ఎర్కేనా? రెక్కకొకటి, చక్రానికొకటి నేనే పెట్టిన. పైలట్ ఫోన్ కొడితే చక్రం హలో అంటది!"

"నా మోటర్ సంగతి..." అన్నది చంద్రవ్వ.

"మధ్యల పోరు పెట్టకవ్వా! ఇందాక పైలట్ నిద్రవోయిండు. నేను గీ బల్ల మీదికెల్లి మిస్డ్ కాల్ ఇచ్చి దించిన. ఒకామె బ్యాగు మర్చిపోయిన్నని ఏడిస్తే గాల్లనే రివర్స్ తీసిన. ఇప్పుడు దేశంల ఎగిరేటియన్నీ నా ఫోన్లనే ఉన్నయ్. లక్ష సిమ్ములు పెట్టిన, ఒక్కటి తారుమారు కాలే. తారుమారైతే ఊకుంటరా? చక్రం దించమంటే తలుపు తెరుసుకుంటది!"

చంద్రవ్వ గిలాస కింద పెట్టింది.

"మా ఇద్దరి స్టార్టర్లు ఒక్కదినమే బాగుచేసినవ్ గదా? నీ ముంగటనే నా మోటర్‌కు కొడుతున్న, సూడు."

కొట్టు ఎనుక భోజన్న మోటర్ గుర్రుమన్నది.

"అయ్యో, ఆపవ్వా! ఇంక నీళ్లొస్తే నాట్లు కుళ్లుతయ్!" భోజన్న ఉరికిండు.



"నాలుగు దినాల సంది పొద్దుమాపు కొడుతున్న. నేను కొట్టిన నీళ్లన్నీ ఆయన మడిల వడ్డయ్. ఏడుపొస్తుంది నాకు" అని చంద్రవ్వ భూమేష్ సంచి తీసి ఆయన ఒళ్లె పెట్టింది. "లే, నడువు. లక్ష కాదు నాయినా, మాయి రెండే సిమ్ములుండె!"