లూథరన్ల మౌనం

సభకు అధ్యక్షత వహిస్తున్న ఫాదర్ లెమెన్స్ గారికి, మా నర్సింగ్ కళాశాల డీన్ డాక్టర్ మార్షాన్ గారికి, మఠం నుంచి వ్యానులో వచ్చి ముందు వరుసలో కూర్చున్న సిస్టర్లందరికీ, డ్యూటీ దుస్తులు మార్చుకునే తీరిక లేక అలాగే వచ్చి గోడవారగా నిలబడిన నా తోటి నర్సులకు, తన పేరు వినబడిన ప్రతిసారీ కుర్చీలో ఇబ్బందిగా కదులుతున్న మా సిస్టర్ కొలెట్ గారికి నా గౌరవపూర్వక నమస్కారాలు.

నా పేరు కారి నీగార్డ్. వయసు నలభై ఎనిమిది. పగటిపూట చదివి సంపాదించిన పట్టా నా దగ్గర ఒక్కటీ లేదు. నర్సింగ్ డిగ్రీ సాయంత్రపు తరగతుల్లోనే వచ్చింది, మాస్టర్స్ కూడా సాయంత్రపు తరగతుల్లోనే వచ్చింది, నిరుడు ఈ విశ్వవిద్యాలయం నా చేతికిచ్చిన మానసిక ఆరోగ్య సర్టిఫికెట్ సైతం మంగళవారం సాయంత్రాలు కూర్చుని సంపాదించినదే. ఈ మాట విచారంతో చెప్పడం లేదు. దయచేసి ఎవరూ జాలిపడవద్దు. (నవ్వులు)

అతిథుల కోసం ఒక వివరణ. ఆ తరగతికి వచ్చేవాళ్ళం అప్పటికే మాస్టర్స్ చదివి, రోగులను స్వయంగా పరీక్షించి మందులు రాసే నర్సులం. బీపీకి, షుగరుకి, దగ్గుకి వచ్చిన మనిషి ఉన్నట్టుండి మా ముందు ఏడిస్తే ఏం చేయాలో తెలియక, మానసిక వైద్యుణ్ణి చూడాలంటే మా జిల్లాలో నెలల తరబడి ఆగాలని చెప్పి పంపలేక, మళ్ళీ బడిలో చేరినవాళ్ళం. ఆ తరగతి చెప్పే సిస్టర్ కొలెట్ ఇప్పుడు పదవీ విరమణ చేస్తున్నారు. ఆ విభాగంలో అర్హత ఉన్న నర్సు ఎవరైనా ఆమె స్థానంలో నిలబడకపోతే వచ్చే సెప్టెంబరు నుంచి మంగళవారం తరగతి ఉండదు. ఈ సంగతి మీ అందరికీ తెలుసు. కాఫీ దగ్గర గుసగుసగా అనుకుంటున్నారు కూడా. నేను మైకులోనే అనేస్తున్నాను.

మొదటి మంగళవారం నేను చేసిన ఘనకార్యం ఇక్కడ కొందరికి గుర్తుండే ఉంటుంది. తరగతి మొదలుపెట్టే ముందు సిస్టర్ అందరినీ నిలబెట్టి ప్రభువు ప్రార్థన చెప్పించారు. నేను నార్వే నుంచి వచ్చిన లూథరన్ల ఇంటి పిల్లను. మీ కాథలిక్కులు ఆ ప్రార్థనను కీడు నుంచి కాపాడమన్న దగ్గర ఆపేస్తారన్న సంగతి, ఇన్నేళ్ళూ ఈ విస్కాన్సిన్ రాష్ట్రంలోనే బతికి కూడా, నాకు తట్టలేదు. గదంతా ఆగిపోయింది. నేను మాత్రం కళ్ళు మూసుకుని రాజ్యమూ, బలమూ, మహిమా అంటూ మావాళ్ళు కలిపే చివరి వాక్యంలోకి గంట కొట్టినట్టు ముందుకు సాగిపోయాను. (నవ్వులు) కళ్ళు తెరిచేసరికి పక్కనున్న బెర్నీ వాండెన్‌హ్యూవెల్ నా మోచేయి గిల్లుతోంది.

"ఏమే, మాది అయిపోయింది. నీ ఒక్కదానికే బోనస్సా?" అంది.

సిస్టర్ మాత్రం నవ్వలేదు. "కూర్చో అమ్మాయ్. అందరూ ఆగిపోయినా ఆగని మనిషి ఈ తరగతికి ఒకరు కావాలి," అన్నారు. అది మెప్పో, చురకో ఆనాడు నాకు అర్థం కాలేదు.

అసలు పాఠం మౌనం. క్లినిక్‌లో పావుగంటకొక మనిషిని చూసే చేతులు మావి. ప్రశ్న అడిగి, జవాబు సగంలో ఉండగానే తరువాతి ప్రశ్న అందుకుంటాం. సిస్టర్ ఒక పద్ధతి పెట్టారు: గట్టి ప్రశ్న ఏదైనా అడిగాక, మనసులో ప్రభువు ప్రార్థన పూర్తయ్యే దాకా నోరు తెరవకూడదు. వినడానికి సులభంగా ఉంటుంది. చేసి చూడండి. ఎదురుగా ఒక మనిషి నేలచూపులు చూస్తూ కూర్చుని ఉండగా అంత సేపు ఊరకుండటం కంటే నరం దొరకని చేతికి సూది వేయడం తేలిక. (గోడవారగా ఉన్నవారి నవ్వులు)

ఇక చెప్పబోయేది ఆ మనిషి అనుమతితోనే చెబుతున్నాను. పేరు, ఊరు చెప్పను. పాడి రైతు. ఆ ఏడాదే ఆవులన్నిటినీ అమ్మేశాడు. నేను శిక్షణలో ఉన్నాను, సిస్టర్ మూల కుర్చీలో కూర్చుని పర్యవేక్షిస్తున్నారు. నిద్ర గురించి, తిండి గురించి అడిగాను. ఆ తరువాత అడగవలసినది సూటిగా అడిగాను: "ప్రాణం తీసుకోవాలన్న ఆలోచన వస్తోందా?"

"అబ్బే, అలాంటిదేం లేదమ్మా," అన్నాడు టోపీ అంచు తిప్పుకుంటూ.

నేను ఊరకున్నాను. మనసులో ప్రార్థన సాగుతోంది. మూలన సిస్టర్ కలానికి మూత పెట్టిన టిక్కుమనే చప్పుడు వినిపించింది. ఆమె ప్రార్థన ముగిసింది. నాది ముగియలేదు. మావాళ్ళకు ఇంకొక వాక్యం ఉంది కదా. ఆ వాక్యం మధ్యలో ఆయన నోరు తెరిచాడు.

"నిన్న పొద్దున్న ఖాళీ కొట్టంలోకి వెళ్ళాను. తిరిగి బయటికి రావాలని వెళ్ళలేదు."

(విరామం)

ఆయన బతికి ఉన్నాడు. అంతకు మించి చెప్పే హక్కు నాకు లేదు.

ఆ రోజు కార్లు నిలిపే చోట సిస్టర్ నన్ను ఆపారు. "నేను ఆమెన్ అనుకుని కలం మూసేశాను. నువ్వు ఇంకా ఎందుకు ఊరకున్నావు?"

"మాది ఇంకా అవలేదు, సిస్టర్."

ఆమె కారు మీద చేయి ఆన్చి, కళ్ళజోడు తీసి తుడుచుకునేంతగా నవ్వారు. "వెళ్ళి మీ పాస్టరుగారితో చెప్పు, ఈ ఒక్కసారికి గెలుపు మీదేనని." ఆ మరుసటి మంగళవారం తరగతిలో ఆమె కొత్త నియమం ప్రకటించారు: "ఇకమీదట అందరూ లూథరన్ల లెక్కన ఊరకుండాలి." బిషప్‌గారికి ఈ సంగతి తెలుసో లేదో ఫాదర్ లెమెన్స్ గారే చెప్పాలి. (నవ్వులు. ఫాదర్: "నేనేమీ వినలేదు!")

యాభై ఏళ్ళు నర్సుగా, అందులో ముప్పై ఏళ్ళు గురువుగా పనిచేసిన మనిషి, తన తరగతిలో కొత్తగా చేరిన పరాయి సంఘం విద్యార్థిని పొరపాటును తన పద్ధతిగా మార్చుకున్నారు. ఇటువంటి గురువు దగ్గర చదివానని చెప్పుకోవడం నాకు గర్వం. ఆ గర్వాన్ని దాచుకునే ఉద్దేశం నాకు లేదు.

సిస్టర్, ఇకమీదట మీరు మఠంలో ఉంటారు. మిమ్మల్ని చూసుకోబోయే నర్సులను తలుచుకుంటే జాలేస్తోంది.

(ముందు వరుస నుంచి సిస్టర్ కొలెట్: "వాళ్ళ సంగతి నేను చూసుకుంటాను. నీ సంగతి చెప్పు. డీన్ గారు నిన్ను అడిగి నెలయింది!")

చెబుతున్నాను, సిస్టర్. నెల రోజులూ నాకు నేను చెప్పుకున్న అభ్యంతరం ఒకటే: గురువు కుర్చీలో కూర్చోవడానికి పగటి బడిలో చదివినవాళ్ళు ఉండగా నేనెందుకు? నిన్న మా ఆయన డేల్ పాల లారీ కడుగుతూ విసుక్కున్నాడు. "ఆ బడికి వచ్చేదే నీలాంటివాళ్ళు కదే! నీలాంటిది చెప్పక ఇంకెవరు చెబుతారు?" అన్నాడు. వెనుక వరుసలో ఉన్నాడు. చెయ్యెత్తు డేల్. మంగళవారాలు వంట ఇక నీదే. (చప్పట్లు)

డీన్ గారూ, మంగళవారం తరగతి నేను తీసుకుంటున్నాను.

నన్ను లోపలికి రానిచ్చిన ఈ విశ్వవిద్యాలయానికి, ఓపికగా విన్న పెద్దలకు, అన్నిటికంటే ముందుగా మా సిస్టర్‌కు కృతజ్ఞతలు. గోడవారగా నిలబడిన నర్సులారా, తరగతి ఆరు గంటలకు. డ్యూటీ దిగి వచ్చేసరికి ఆలస్యమైతే, సిగ్గుపడి పిల్లిలా లోపలికి దూరి వెనుక కూర్చోవద్దు. తలుపు చప్పుడయ్యేలా తెరిచి రండి, మీరు వచ్చారని నాకు తెలియాలి.

సెలవు.