సోమనర్సయ్య సారు కోబాల్ క్లాసులు

తరిగొప్పులలో కల్పన నడిపే టీ హోటల్ బల్ల మీద సోమనర్సయ్య సారు కూర్చున్నాడంటే ఇక కోబాల్ అనే పాత కంప్యూటర్ భాష ముచ్చటే. ముప్పై ఏళ్ల కింద జనగామలో కంప్యూటర్ కోర్సులు చెప్పిన మనిషి. కల్పన కూడా ఆయన దగ్గరే నేర్చుకుంది. ఆ సంగతి ఆయనకు గుర్తు లేదు, ఆమె ఎన్నడూ గుర్తు చెయ్యలేదు.

"అప్పట్ల ఏ ఆఫీసుకు వొయ్యినా, బ్యాంకుకు వొయ్యినా కోబాలే. సైంటిస్టుల లెక్కలకేమో ఫోర్ట్రాన్. నా క్లాసుల నలభై మంది ఉండె."

"నలభై మందే!" అన్నాడు ఆటో నడిపే హరీష్, టీ ఊదుకుంటూ.

"బ్యాచుకు నలభై! చేరెటోళ్ల లైను చౌరస్తా దాటి పక్కూరు పెంబర్తి దాక ఉండేది. మనం రాసిన ప్రోగ్రామ్‌ను మిషన్‌కు సమజయ్యేటట్టు మార్చేది కంపైలర్. తప్పులు వట్టేది గూడ గదే. అది గంటసేపు ఎతికే తప్పును నేను కాయితం సూడంగనే ఎర్రపెన్నుతోని సున్న సుట్టేటోన్ని. ఆ తర్వాత ఏమైందో ఎర్కేనా? బొంబాయిల ఒక పెద్ద బ్యాంకు మిషన్ ఆగిపొయ్యింది. నాకు ఫోన్ జేసిండ్రు. నాలుగువందల పన్నెండో లైన్ల ఫుల్‌స్టాప్ లేదు, పెట్టుండ్రి అన్న. పెట్టిండ్రు, నడిసింది."

"సూడకుండనేనా సారూ?"

"సూసుడెందుకు? ఫోన్ల దాని సప్పుడు ఇన్న గద! గదేం జూసినవ్, ఇంకోపారి రాకెట్ సగం ఎగిరి ఆకాశంల ఆగింది. ఫోర్ట్రాన్ల కామా తప్పింది. డాబా ఎక్కి 'కామా పెట్టుండ్రయ్యా' అని ఒర్రిన. మీదికి వొయ్యే రాకెట్ నా దిక్కు జర వంగి, దండం వెట్టి మల్ల వొయ్యింది."

హరీష్ పగలబడి నవ్వాడు. "సారూ, మా బిడ్డ రక్షితకు ఇంటర్ అయిపొయ్యింది. కంప్యూటర్ నేర్సుకుంటదట. రేపటి సంది మీ దగ్గరికే తోల్త."

సారు ముఖం వెలిగిపోయింది. "తోలు. నోట్‌బుక్కు, పెన్ను ఉంటె సాలు."

కల్పన ఇన్నేళ్లూ ఆయన కోతలకు అందరితో పాటు నవ్వింది. ఈసారి నవ్వు రాలేదు.

"సారూ, నేను తొంబై ఆరు బ్యాచ్. మీ క్లాసుల ఫస్టొచ్చిన కల్పనను. రెండు నోట్‌బుక్కులు నిండ ప్రోగ్రాములు రాసిన, మీరే దిద్దిండ్రు. మనకున్న ఒక్క మిషన్ల కంపైలరే లేకపాయె. హైదరాబాద్ల ఉద్యోగానికి వోతే, ఏదీ, ప్రోగ్రామ్ నడిపి సూపెట్టు అన్నరు. ఎట్ల నడుపుతరో నాకు తెల్వదు. గంటసేపు ఆ తెర ముందట కూసొని లేసొచ్చిన. ఎవ్వలికి సెప్పుకోలే. ఆ పిల్లకు గూడ కాయితాల మీద సెప్పకుండ్రి సారూ."

హరీష్ గ్లాసు కింద పెట్టాడు. సారుకు కోపం వస్తుందనుకుంది కల్పన. కోపం రాలేదు ఆయనకు.

"నాకు నేర్పినాయన గూడ కాయితం మీదనే నేర్పిండు బిడ్డా," అన్నాడు. "కోబాల్ నడుస్తాంటె ఎట్లుంటదో నేను ఇయ్యాల్టి దాక సూడలే."