పక్క గదిలోని పెట్వే గారు

1971 ఆగస్టు పదహారున, అలబామాలోని మా కౌంటీ ఉన్నత పాఠశాలలో నల్లపిల్లలూ తెల్లపిల్లలూ ఒకే గదిలో కూర్చోవడం మొదలైన రెండో ఏట, నల్లజాతికి చెందిన శ్రీమతి ఒడెస్సా పెట్వే గారు సాహిత్యోపాధ్యాయినిగా బాధ్యతలు స్వీకరించారు. వారి పక్క గది నాది. గోడకు ఇవతల కూర్చుని ముప్పై రెండేళ్లుగా అసూయపడుతూ వచ్చిన లోరీన్ టిడ్‌వెల్ అనే నన్నే, వారి పదవీ విరమణ వేళ అభినందన రాయమని పాఠశాల సంచికవారు కోరడం విధివిలాసం.

తొలి రోజుల్లో కొందరు తెల్ల తల్లిదండ్రులు తమ పిల్లలను పెట్వే గారి తరగతి నుంచి తెల్లదాన్నైన నా తరగతికి మార్పించుకున్నారు. పదేళ్లు తిరిగేసరికి అవే ఇళ్లవారు వారి తరగతిలో చోటు కోసం సిఫారసులు పట్టుకొచ్చారు. నాకు ఒళ్లు మండింది. శాఖాధిపత్యం నాకే దక్కినా పిల్లలు మాత్రం వారి వెంటే నడిచారు.

ప్రతి వసంతంలోనూ మేమిద్దరం బోధించిన నవల ఒక్కటే. చేయని దొంగతనానికి బట్టలుతికే నల్లజాతి స్త్రీని జైలుకు పంపుతుంటే, నిజం తెలిసిన ఊరు నోరు మెదపని కథ అది. నా విద్యార్థులు న్యాయమూర్తులై ఆమెను విడుదల చేస్తూ చక్కని వ్యాసాలు రాసేవారు. గోడ అవతలి నుంచి పెట్వే గారి గొంతు వినబడేది.

"జడ్జీలు కాకండర్రా, అది సుఖమైన పని. ఆమె పక్కింటివాళ్లయితే ఏం చేస్తారో చెప్పండి."

ఆ ప్రశ్న నాకెందుకు తట్టలేదని ఎన్నోసార్లు కుమిలిపోయాను.

1988లో పాఠశాలలోని బహుమతుల అద్దాల బీరువా పగిలింది. నల్లజాతి విద్యార్థి లూషియస్ పగలగొట్టాడని ఫుట్‌బాల్ కోచ్ గారబ్బాయి చెప్పాడు. నేరం రుజువైతే లూషియస్‌కు బహిష్కరణ తప్పదు, కళాశాల ఉపకారవేతనమూ పోతుంది. నిజానికి పగలగొట్టింది ఆ కోచ్ గారబ్బాయే. కళ్లారా చూసింది మా అమ్మాయి జూన్. అప్పుడది పెట్వే గారి తరగతిలో చదువుతోంది. నాకు చెప్పకుండా ముందు వారికి చెప్పింది!

ఆ సాయంత్రం వంటింట్లోకి వచ్చి నిలబడింది.

"పెట్వే టీచర్ చెప్పమనీ అన్లేదు, వద్దనీ అన్లేదమ్మా. 'నువ్వు నోరు విప్పితే ఊరు మీ అమ్మను కూడా వెలేస్తుంది. ముందు ఆవిణ్ణి అడుగు' అన్నారు."

"నన్నడగమందా?"

"ఊఁ. 'మీ అమ్మ కాదనదులే' అని కూడా అన్నారు. నాకే నమ్మకం కుదర్లేదు."

కడుపున పుట్టిన పిల్లకు నా మీద లేని నమ్మకం ఆవిడకుంది! ఉడుకుమోత్తనంతోనే జూన్‌ను ఎక్కించుకుని కారు తీశాను. విచారణ సంఘం ఎదుట జూన్ చూసింది చూసినట్టు చెప్పింది. లూషియస్ ఆ ఏడే పట్టా పుచ్చుకున్నాడు. ఊళ్లో సగంమంది మాతో మాటలు మానేశారు, మిగిలిన సగంమంది పెట్వే గారిని వేనోళ్ల పొగిడారు. కారు నడిపింది నేనని ఒక్కరికీ గుర్తులేదు.

వచ్చే ఏడాది నుంచి రెండు తరగతులూ నావే. ఇన్నేళ్లు కోరుకున్నది చేతికందేసరికి భయం పట్టుకుంది. ఏ పిల్లయినా అలాంటి నిజాన్ని మోసుకొస్తే ఇక నా దగ్గరికే రావాలి. ఆ పిల్ల తల్లిని నమ్మవలసిందీ నేనే. ఒడెస్సా గారూ, మీకు సంపూర్ణారోగ్యమూ దీర్ఘాయుష్షూ కలగాలని, ఆ ఆయుష్షంతా ఈ ఊళ్లోనే గడవాలని, కేవలం నా స్వార్థం కొద్దీ కోరుకుంటున్నాను.