దవాఖాన కమాను కింద పరంజ్యోతి గారు

నిజాం సర్కారు లెక్కన ఫసలీ 1324 ఆజూరు మాసం మొదటి తేదీన, చంకలో చుట్టిన కాగితాలతో, కొత్త చెప్పులు కరుస్తుండగా, శ్రీ పరంజ్యోతి గారు మేడ్చల్ కట్టడాల కచేరీలో నక్షాలు గీసే ఉద్యోగిగా ప్రవేశించారు. సుదీర్ఘ సేవానంతరం వారు విశ్రాంతి స్వీకరిస్తున్న ఈ శుభవేళ కచేరీకి దిగులుగానూ, వారి ధర్మపత్ని శ్రీమతి సారమ్మ గారికి పరమానందంగానూ ఉన్నది. "ఇగనన్న గుడిల కూసున్నప్పుడు గోడల దిక్కు సూసుడు బందువెడతడేమో" అని ఆమె ఆశ. ఆ ఆశ నెరవేరదని మాకందరికీ తెలుసు.

తొలినాళ్లలో సెలవు దొరికితే చాలు, ఆయన రైలెక్కి గోలకొండ సమాధుల వైపు వెళ్లిపోయేవారు. చేతిలో ఒక తాడు, జేబులో సుద్దముక్క. ముఖాన్ని ప్రమాణంగా గ్రహించి విగ్రహమంతా లెక్కగట్టిన మన శిల్పులూ, స్తంభం మందాన్ని బట్టి దాని ఎత్తు నిర్ణయించిన ప్రాచీన గ్రీకులూ, తాడు తిప్పి కమాను గీసిన నవాబుల కాలపు మేస్త్రీలూ ఆయన దృష్టిలో ఒకే కుటుంబీకులు. వెడల్పుకు ఎత్తు తగిన పాళ్లలో కుదిరితే కంటికి నిద్రపట్టినంత సుఖమని వారి వాదం. ఓవర్సీరుగా పదోన్నతి పొందిన తరువాత ఈ వాదం వినక తప్పని వారి సంఖ్య పెరిగింది.

ఆ వాదానికి పరీక్ష ఫసలీ 1351 వేసవిలో, శామీర్‌పేట దవాఖాన కట్టేటప్పుడు వచ్చింది. ముందు వసారాకు రెండు పక్కగోడల నడుమ ఒకే పెద్ద కమాను, మొన తేలినది, ఆయన ప్రాణం పెట్టి గీశారు. గోడలు లేచాయి. పైన రాతి దూలాలు పరిచే మట్టమూ ఖరారైంది. రాళ్లు కుదిరేదాకా కమానును మోసే చెక్క చట్రం బండి మీద వచ్చింది. ఎత్తి పెడితే గోడకూ చట్రానికీ మధ్య చెయ్యి దూరేంత సందు!

పరంజ్యోతి గారు తాడు తీసి గోడల నడుమ మళ్లీ కొలిచారు. మేస్త్రీ సిద్దయ్య మాత్రం నిమ్మళంగా తలపాగా సర్దుకున్నాడు.

"గోడ నేనే జరంత జరిపిన సారూ. మీ కొలతకు ఆయం గట్టి సూస్తె కాకాయం వచ్చింది. దవాఖానకు కాకాయమేంది? పడుకున్నోడు లేస్తడా?"

పొడవు వెడల్పులను హెచ్చించి, భాగించి, మిగిలిన శేషంతో ఇంటి శుభాశుభాలు తేల్చే ఆ ఆయం లెక్క మేస్త్రీలందరూ చూసేదే; అందులో కాకాయం అశుభం. సిద్దయ్య వెడల్పు పెంచి శేషాన్ని శుభానికి తెచ్చాడు. పరంజ్యోతి గారి వెడల్పు ఎత్తుల పాళ్లు కాస్తా చెడిపోయాయి.

పై అధికారి వచ్చి చూసి మండిపడ్డారు. గోడ పడగొట్టమన్నారు, మేస్త్రీని పనిలోంచి తీసేయమన్నారు. అప్పుడు పరంజ్యోతి గారు అడ్డుపడ్డారు.

"కొలత మార్చింది సిద్దయ్యే గనీ, అడగకుండ గీసింది నేను. కమాను నిలవెడ్త. పడితె ఇద్దర్నీ పంపుండ్రి."

అధికారి సరేనన్నారు. ఇక సిద్దయ్య బతుకుతెరువు, పరంజ్యోతి గారి ఉద్యోగం, రెండూ ఆ కమాను మీదే వేలాడాయి.

ఆయన నేల మీద తాడు పరిచి మళ్లీ గీశారు. మొన తేలిన కమానుకు కేంద్రాలు రెండు. వాటిని కొంచెం లోపలికి జరిపి, తాడు కాస్త కురచ చేస్తే, వెడల్పు పెరిగినా ఎత్తు పెరగదు. దూలాల మట్టం చెడలేదు, సిద్దయ్య ఆయమూ చెడలేదు. ఆ గీతకు కొత్త చట్రం కోయించి, రాళ్లు పేర్చి, గచ్చు బాగా ఆరనిచ్చారు.

చట్రం దించే ఉదయం ఊరంతా వచ్చింది. మేకులు ఒక్కొక్కటిగా సడలించారు. ఎక్కడో రాయి కిర్రుమంది, సున్నం పొడి జలజల రాలింది. పరంజ్యోతి గారు కళ్లు మూసుకున్నారు.

"సార్, కండ్లు దెరువుండ్రి. నిలవడ్డది!" అన్నాడు సిద్దయ్య.

ఆయన ఇసుక కుప్ప మీద కూలబడి, చిన్నపిల్లవాడిలా నవ్వారు. కన్నీళ్లూ వచ్చాయి. సిద్దయ్య ముంత అందించాడు. "సల్ల దాగుండ్రి, పానం కుదుటవడ్తది." అంత రుచిగల మజ్జిగ మళ్లీ తాగలేదని ఆయన నేటికీ అంటారు.

ఆనాటినుంచి కచేరీలో నక్షా మొదలుపెట్టేముందే మేస్త్రీని పిలిచి, పక్కన కూర్చోబెట్టుకునే ఆనవాయితీ ఏర్పడింది. ఇప్పుడు మేడ్చల్‌లో పరంజ్యోతి గారు సొంత ఇల్లు కట్టుకుంటున్నారు. ముగ్గు పోయడానికి వచ్చిన సిద్దయ్యతో, "ముందు నీ ఆయం జెప్పు, తర్వాత నా తాడు దీస్త" అన్నారట. సారమ్మ గారు మాత్రం ముందు వంటింట్లోకి వెలుతురు వచ్చే సంగతి తేల్చమన్నారు. ఇద్దరూ తలవంచారు.

వారు సకుటుంబంగా ఆయురారోగ్యాలతో, నిండునూరేళ్లు వర్ధిల్లాలని మా సహోద్యోగులందరి హృదయపూర్వక ఆకాంక్ష. శామీర్‌పేట దవాఖానకు వారు తరచుగా వెళ్లాలి. ఎన్నడూ మందు కోసం మాత్రం కాదు. కమాను కింద నిలబడి, తల పైకెత్తి, ఈసారి కళ్లు తెరిచే చూడటానికి.